దారి అడిగితే: డిజోన్ వీధిలో గుడ్లగూబ

పోయిన నెల ఫ్రాన్స్‌లోని డిజోన్ ఊరి గురించి నాలుగు ముక్కలు రాశాను. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ రెండు చలికాలాలు ఆ ఊళ్లో గడిపాను కాబట్టి కాస్త చనువుగానే రాశాను. అక్కడి నోత్ర్‌దామ్ చర్చి మీద, దాని గోడకి చెక్కి ఉన్న చిన్న రాతి గుడ్లగూబ మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: పెద్దమ్మగారూ, మా అమ్మాయి డిజోన్‌లో చదువుతోంది. అక్టోబరులో నేనూ మావారూ పది రోజులకి వెళ్తున్నాం. మీరు చెప్పిన చర్చి చూడాలని ఉంది. మాకు క్రైస్తవం గురించి పెద్దగా తెలియదు. లోపలికి రానిస్తారా? టికెట్టు ఎంత? చెప్పులు విప్పాలా? ఏమైనా తప్పు చేస్తామేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: చెప్పులు విప్పక్కర్లేదమ్మా. విప్పితే అక్టోబరు చలిలో ఆ రాతినేల మీద నాలుగడుగులు కూడా వెయ్యలేరు. మీవారికి టోపీ పెట్టుకునే అలవాటుంటే గుమ్మంలో తీసి చేత్తో పట్టుకోమనండి, మగవాళ్లకి అక్కడ అది మర్యాద. చీర కట్టుకుని వెళ్లండి, పైన మాత్రం స్వెటర్ ఉండాలి. బయట ఎండ కాస్తున్నా లోపల రాయి చల్లగానే ఉంటుంది.

టికెట్టు లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఆ బెరుకు సగం పోతుంది. ఫ్రాన్స్‌లో 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేశారు. అప్పటికే ఉన్న మామూలు చర్చిల కట్టడాలు ఆ ఊరి మునిసిపాలిటీ సొత్తు. కథీడ్రళ్లు, అంటే బిషప్ పీఠం ఉండే చర్చిలు, ప్రభుత్వానివి. పూజలు జరుపుకునే హక్కు చర్చివాళ్లది, కప్పు కారితే బాగుచేయించే పూచీ ఊరిది. అంటే మీరు అడుగుపెట్టేది ఊరి సొత్తులోకి. పూజ జరగనప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు, కూర్చోవచ్చు, చూడొచ్చు. మీదే మతమని అడిగే మనిషి గుమ్మంలో ఉండడు.

పూజ జరుగుతుంటే వెనక వరసలో కూర్చోండి. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. చివర్లో అందరూ వరసకట్టి ముందుకెళ్లి తెల్లటి బిళ్ల అందుకుంటారు. అది దివ్యసత్ప్రసాదం, బాప్తిస్మం పొందిన కతోలికులకే ఇస్తారు. ప్రసాదమే కదా అని మనం వరసలో నిలబడకూడదు. గుమ్మం దగ్గర రాతి తొట్టెలో నీళ్లుంటాయి. వాళ్లు వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. అవి చేతులు కడుక్కోవడానికి కాదు. నేను చలికి ముక్కు కారుతూ వెళ్లి ఒకసారి చెయ్యి పెట్టబోయాను, మావాడు కొంగు పట్టి లాగాడు.

ఇంకో మాట. ఒకరోజు మధ్యాహ్నం నేను కెమెరా మెళ్లో వేసుకుని వెళ్లేసరికి లోపల మధ్యలో శవపేటిక, దాని చుట్టూ ఓ ఇరవై మంది. తలుపు ఎంత నెమ్మదిగా వేసినా కిర్రుమంది. ఒకావిడ తిరిగి చూసింది. కోపంగా కాదు, అయినా ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. ఇలాంటివేవైనా ఉంటే చీటీ తలుపుకే అంటించి ఉంటుంది. ఫ్రెంచి రాకపోయినా మీ అమ్మాయి చదివి పెడుతుంది. ముందు ఆ చీటీ చూసి, తర్వాత తలుపు తొయ్యండి.

ఇక అసలు పొరపాటు చర్చిలో కాదు, చర్చికి వెళ్లే దారిలో జరుగుతుంది. నాకు జరిగింది. ఊళ్లో పెద్ద గోతిక్ చర్చి ఎక్కడని అడిగితే ఎవరో చెయ్యి చూపించారు, వెళ్లాను. మావాడు ఫోన్ చేశాడు. "గుడ్లగూబ కనిపించిందా అమ్మా?" "లేదురా, రంగురంగుల పెంకుల కప్పు కనిపిస్తోంది." "నువ్వు సాంబెనీన్ దగ్గరున్నావు, అక్కడే ఉండు." డిజోన్ కథీడ్రల్ సాంబెనీన్. బిషప్ పీఠం అక్కడ. నోత్ర్‌దామ్ కథీడ్రల్ కాదు, పారిస్‌లో అదే పేరున్న చర్చి వల్ల అందరూ అలా అనుకుంటారు. ఇది ఒక పేట చర్చి. మన కతోలికులు 'విచారణ' అంటారే, అలా ఒక విచారణకి చెందిన గుడి. రెంటి మధ్య పది నిమిషాల నడక. సాంబెనీన్ కూడా చూడండి, అక్కడ వెయ్యేళ్ల నాటి నేలమాళిగ ఉంది. కానీ నా మనసు పేట చర్చి మీదే.

ఒకప్పుడు ఆ ప్రాంతాన్నేలిన బుర్గుండీ డ్యూకుల రాజభవనం వెనక, ఇళ్ల మధ్యలో ఇరుక్కుని ఉంటుంది నోత్ర్‌దామ్. కట్టింది 13వ శతాబ్దంలో, దాదాపు 1220, 1250 సంవత్సరాల మధ్య. చుట్టూ పనివాళ్ల, వ్యాపారుల ఇళ్లు. విశాలంగా కాళ్లు చాపుకునే జాగా లేదు. అందుకని దూరం నుంచి చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. అసలు దూరం నుంచి చూడ్డానికి జాగా కూడా లేదు. మెడ ఎత్తి చూడాల్సిందే.

లోపలికి వెళ్లగానే నేరుగా ముందుకి నడవకండి. మధ్యదాకా వెళ్లి ఎడమ చేతి వైపు, అంటే ఉత్తరం వైపు తిరగండి. అక్కడ అయిదు పొడవాటి రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. చర్చిలో 13వ శతాబ్దం నుంచి మిగిలినవి అవే. యేసు శిష్యులైన పేతురు, అంద్రెయ అనే అన్నదమ్ముల కథలు. ఉత్తరపు గోడ కాబట్టి ఎండ నేరుగా పడదు. నీలం, ఎరుపు నిలకడగా వెలుగుతుంటాయి, మబ్బు రోజైనా నష్టం లేదు. అద్దం ముక్కలు చాలా చిన్నవి. వాటిని కలిపే సీసం గీతలే ముందు కనిపిస్తాయి. కాసేపు కుర్చీలో కూర్చుని చూస్తే ఆ గీతల్లోంచి మెల్లగా ఒక చెయ్యి, ఒక పడవ, ఒక ముఖం బయటపడతాయి. మీవారి దగ్గర బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి. నేను మొదటిసారి లేకుండా వెళ్లి రంగులు మాత్రమే చూసి వచ్చాను.

తర్వాత కుడివైపు, బలిపీఠం పక్కనున్న చిన్న మందిరం. అందులో అమ్మవారు. అలా రాయడానికి నాకు మొహమాటం లేదు, ఆవిడ ముందు నిలబడితే నోట్లోంచి వచ్చే మాట అదే. 'మంచి ఆశల మాత' అని పేరు. కొయ్య విగ్రహం, చర్చి కంటే పాతది, ఫ్రాన్స్‌లో మిగిలిన మరియమ్మ విగ్రహాల్లో అతి పాతవాటిలో ఒకటి. నల్లమాత అని పిలిచేవారు. ఒడిలో ఉండాల్సిన బిడ్డ ఎప్పుడో పోయాడు. ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంది. వస్త్రం కట్టి ఉంటే అది కనబడదు.

1513 సెప్టెంబరులో స్విస్ సైన్యం ఊరిని ముట్టడించింది. గోడలు కూలుతున్నాయి. జనం ఈ విగ్రహాన్ని ఎత్తుకుని వీధుల్లో ఊరేగించారు. రెండు రోజుల్లో ముట్టడి లేచిపోయింది. అసలు సంగతేమిటంటే అప్పటి గవర్నరు లా త్రెమోయ్ స్విస్‌వాళ్లకి నాలుగు లక్షల ఎక్యూలు, అంటే అప్పటి బంగారు నాణేలు, ఇస్తానని ఒప్పందం రాసిచ్చాడు. రాజు పన్నెండో లూయీ ఆ ఒప్పందాన్ని ఒప్పుకోనేలేదు. ఊరు మాత్రం గవర్నరు లెక్క పక్కనపెట్టి పుణ్యం అమ్మకి రాసింది. 1944 సెప్టెంబరు 11న జర్మన్లు ఊరు వదిలి వెళ్లినప్పుడు కూడా అంతే. ఆ రెండు విడుదలల్నీ కలిపి పారిస్‌లోని గోబ్లాన్ నేతశాలలో నేసిన బొమ్మల తెర ఒకటి చర్చిలోనే ఉంది, వెతికి చూడండి.

కొవ్వొత్తి వెలిగించాలనిపిస్తే పక్కన డబ్బా ఉంటుంది. దాని మీద రాసినంత చిల్లర వేసి వెలిగించండి. మతం అడ్డు కాదు. ఫొటోలు తీసుకోండి, ఫ్లాష్ మాత్రం వద్దు. మొత్తానికి గంట చాలు. నేనైతే గంటన్నర కూర్చుంటాను, అందులో సగం కాళ్లనొప్పి.

ప్రశ్న: గుడ్లగూబని ఎడమచేత్తో తాకి కోరిక కోరుకోవాలట కదా. మా అత్తగారు వస్తున్నారు మాతో. ఎడమచేత్తో శుభం ఏమిటి, పైగా గుడ్లగూబ ఏమిటి అంటున్నారు. ఏం చెప్పమంటారు? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీ అత్తగారితో నాకు పేచీ లేదమ్మా. నేను మొదటిసారి అలవాటుగా కుడిచేత్తోనే తాకాను. పక్కనున్న ఓ ముసలాయన "కాదు కాదు" అన్నట్టు వేలు ఊపి, తన ఎడమచెయ్యి చూపించి, తర్వాత గుండె మీద తట్టుకున్నాడు. ఎడమచెయ్యి గుండెకి దగ్గర, అదీ వాళ్ల లెక్క. అత్తగారికి ఆ సైగ చేసి చూపించండి, మాటల కంటే అదే పనిచేస్తుంది.

చర్చి ఉత్తరపు గోడ పక్కన సన్నటి వీధి ఉంది, పేరే గుడ్లగూబ వీధి. అక్కడ తర్వాతి కాలంలో కట్టిన చిన్న మందిరానికి ఆనుకున్న రాతి దిమ్మె మీద, చెయ్యి అందే ఎత్తులో ఉంటుంది. వెతుక్కోవాలి. గుడ్లగూబ అని చెబితే తప్ప గుడ్లగూబలా ఉండదు. తరతరాల చేతులు రుద్ది రుద్ది కళ్లు, ముక్కు, రెక్కలు అన్నీ కలిసిపోయి వాడిన సబ్బుబిళ్లలా నున్నగా అయింది. చుట్టూ ఉన్న రాయి గరుకు, ఇది మాత్రం చల్లగా జారుతుంది. ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో కాగితం ఏదీ లేదు. పనివాడి సంతకమని కొందరంటారు.

2001 జనవరిలో ఎవరో రాత్రిపూట సుత్తితో కొట్టారు దాన్ని. ఊరంతా ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినంత బాధపడ్డారట. పాత అచ్చు ఒకటి దాచి ఉండబట్టి దాని ఆధారంగా బాగుచేశారు. దగ్గర్లో గోడ మీద చిన్న డ్రాగన్ బొమ్మ ఉంది. దాని ఎదురుగా వస్తే కోరిక మింగేస్తుందని పిల్లలు చెబుతారు. అందుకే దానికి వీపు తిప్పి రావాలట. మీ పిల్లలు ఈ ఆట వదలరు, ముందే చెబుతున్నాను. ఊళ్లో నేల మీద గుడ్లగూబ గుర్తున్న ఇత్తడి బిళ్లలు పొదిగి ఉంటాయి, వాటి వెంట నడిస్తే ఊరు చూపిస్తాయి. అదే వీధిలో 1483 నాటి మిల్యేర్ ఇల్లు ఉంది, కొయ్య దూలాలది. దాని కప్పు మీద పిల్లీ గుడ్లగూబా ఉన్నాయేమో చూడమని పిల్లలకి పందెం కట్టండి.

నా కోరిక నెరవేరిందా అంటారా? మావాడికి బదిలీ అయి ఇంటికి దగ్గరగా వచ్చాడు. కుడిచేత్తో కోరాను కాబట్టి రెండేళ్లు ఆలస్యమైందని వాడంటాడు.

ప్రశ్న: ఫొటోలో చర్చి ముందుభాగం నిండా రాక్షసుల్లాంటి బొమ్మలు ముందుకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వానాకాలంలో వాటి నోళ్లలోంచి నీళ్లు పడతాయని ఎక్కడో చదివాను. వాన రోజున వెళ్తే బాగుంటుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వాన రోజున వెళ్తే మీరు తడుస్తారు బాబూ, అంతే. ఆ బొమ్మల నోట్లోంచి చుక్క రాదు.

గోతిక్ చర్చిల్లో కప్పు మీది నీళ్లు గోడకి తగలకుండా దూరంగా పడడానికి పొడవాటి మెడల రాతి తూములు పెట్టేవారు. వాటిని గార్గుయ్ అంటారు, గొంతు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. ఇక్కడ మూడు వరసల్లో ఉన్నవి మాత్రం ఉత్తుత్తి తూములు, అలంకారానికే. మనుషులు, జంతువులు, ఏ జాతో తెలియని ప్రాణులు. పైగా మీరు చూసేవి 13వ శతాబ్దపువి కావు, 19వ శతాబ్దం చివర్లో చర్చిని బాగుచేసినప్పుడు కొత్తగా చెక్కించినవి. ఆ సంగతి తెలిశాక కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం పాతవి ఏమయ్యాయన్న కథే ఎక్కువ నచ్చింది.

ఎతియెన్ ద బూర్బోన్ అనే కతోలిక సన్యాసి (డొమినికన్ సంఘం వాడు) 13వ శతాబ్దంలోనే రాసిపెట్టిన కథ ఇది. 1240 ప్రాంతంలో ఊళ్లోని వడ్డీ వ్యాపారి ఒకడు పెళ్లి చేసుకోవడానికి ఈ చర్చికి వచ్చాడు. గుమ్మం మీద చివరి తీర్పు, అంటే లోకాంతాన దేవుడు పాపుల్నీ పుణ్యాత్ముల్నీ విడదీసే దృశ్యం, చెక్కి ఉంది. అందులో డబ్బుసంచితో ఉన్న వడ్డీ వ్యాపారిని దెయ్యం నరకానికి ఈడ్చుకుపోతోంది. పెళ్లికొడుకు సరిగ్గా దాని కిందికి వచ్చేసరికి ఆ రాతి డబ్బుసంచి ఊడి వీడి నెత్తిన పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. దాంతో ఊళ్లోని మిగతా వడ్డీ వ్యాపారులు హడలిపోయి, డబ్బు ఖర్చుపెట్టి ముందుభాగాన ఉన్న బొమ్మల్ని పగలగొట్టించారట.

నిజంగా అలాగే జరిగిందా అంటే, ప్రసంగాల్లో చెప్పడానికి రాసుకున్న కథ కదా, కాస్త ఉప్పూకారం తగిలించి ఉంటాడు. కానీ ఆ వడ్డీవాళ్లు కూడా అదే చర్చికి వచ్చే పేటవాళ్లు, అదే గుమ్మంలోంచి ప్రతివారం నడిచేవాళ్లు. నెత్తిమీద తమ బొమ్మే వేలాడుతుంటే ఎలా ఉండేదో ఊహించండి. తర్వాత ఫ్రెంచి విప్లవ కాలంలో గుమ్మాల మీది శిల్పాలు కూడా ఉలిదెబ్బలకి పోయాయి. ఇప్పుడు గుమ్మంలో నిలబడి పైకి చూస్తే గరుకు రాయి కనిపిస్తుంది. నేను అక్కడ రెండు నిమిషాలు నిలబడతాను, కాస్త పక్కకి జరిగి.

ప్రశ్న: గోతిక్ గోతిక్ అంటారు. నాలాంటి మామూలు మనిషి ఎలా గుర్తుపట్టాలి? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: కమాను పైన గుండ్రంగా కాకుండా మొన తేలి ఉంటుంది. కప్పు కింద రాతి బద్దీలు గొడుగు ఊచల్లా కలుసుకుంటాయి. కప్పు బరువంతా ఆ ఊచల మీదుగా స్తంభాల్లోకి దిగుతుంది కాబట్టి గోడకి పెద్ద పని ఉండదు, దాన్ని తొలిచి కిటికీలు పెట్టుకోవచ్చు. ఈ చర్చిలో ఊచలు ఎన్నో లెక్కపెట్టండి. మధ్య హాలులో స్తంభాల మధ్య ఒక్కో భాగానికి కప్పు ఆరు ముక్కలుగా చీలి ఉంటుంది. చాలాచోట్ల నాలుగే ఉంటాయి, ఆరు పాత పద్ధతి. తలెత్తి ఆరు లెక్కపెట్టగలిగితే మీరిక మామూలు మనిషి కాదు.

ప్రశ్న: పారిస్‌లో మూడు రోజులే ఉంటాం. ఒక్క చర్చి కోసం డిజోన్ వెళ్లి రావడం అవసరమా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మూడు రోజులే అయితే వద్దు. అయిదు రోజులుంటే వెళ్లండి. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో గంటా ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చు. మంగళ, గురు, శుక్ర, శనివారాల్లో ఏదో ఒకటి చూసుకోండి. ఆ పొద్దుటిపూటల్లో చర్చికి రెండడుగుల దూరంలో ఇనుప కప్పు కింద పెద్ద సంత జరుగుతుంది. చర్చి నచ్చకపోయినా ఛార్జీ గిట్టుబాటవుతుంది.

దిద్దుబాటు: చర్చి నెత్తిన గంట కొట్టే బొమ్మల కుటుంబం గురించి పోయిన నెల రాస్తూ, నలుగురూ ఒకేసారి వచ్చారన్నట్టు రాశాను. కాకినాడ నుంచి ఒక పాఠకుడు తప్పని చెప్పారు. ఆయన మాటే నిజం. తండ్రి జాక్‌మార్‌ని, గంటనీ గడియారాన్నీ 1382లో బుర్గుండీ డ్యూక్ ఫిలిప్ లె ఆర్ది ఇప్పటి బెల్జియంలోని కోర్ట్రైక్ ఊరిని కొల్లగొట్టి తెచ్చాడు. రెండున్నర శతాబ్దాలకి పైగా ఒంటరిగా కొట్టాడు పాపం. ఊరివాళ్లు జాలిపడి 1651లో జాక్లీన్‌ని తెచ్చి పెళ్లి చేశారు. పెళ్లయి అరవై ఏళ్లు దాటినా పిల్లల్లేరని ఊరు వేళాకోళం చేస్తే 1714లో కొడుకు జాక్లినే వచ్చాడు. చెల్లెలు జాక్లినెత్‌కి మాత్రం 1884దాకా ఆగాల్సి వచ్చింది. గంటలు కొట్టేది అమ్మానాన్నలు, పావుగంటలు కొట్టేది పిల్లలు. అదీ నేను తిరగేసి రాశాను. వెళ్లేవాళ్లు పావు తక్కువ పన్నెండుకే వీధిలో నిలబడితే పదిహేను నిమిషాల్లో ఇద్దరి పనీ వినొచ్చు.